గాలి ఆడని చోట పనికి దిగే ముందు...

పొలం పనిలో ప్రమాదం అంటే పాము, కరెంటు, పురుగు మందు - ఈ మూడే ముందు గుర్తుకొస్తాయి. నాలుగోది ఇంకొకటి ఉంది. అదే చెడుగాలి. పాడుబడిన బావిలో, కిటికీలు బిగించిన పట్టుపురుగుల షెడ్డులో, బిళ్ళలు పెట్టి మూసిన కాయల గదిలో, గోబర్ గ్యాస్ గుంతలో ఇది కాచుకొని ఉంటుంది. కంటికి కనిపించదు. చాలాసార్లు ముక్కుకూ తెలియదు. వేసవి వచ్చిందంటే చాలు, పూడిక తీయడానికి బావిలో దిగి ఊపిరాడక చనిపోయారన్న వార్త ఎక్కడో ఒకచోట నుంచి వస్తూనే ఉంటుంది. ఇలాంటి వార్తల్లో తరచూ కనిపించే సంగతి ఏమంటే, పోయేది ఒక్కరు కాదు. ముందు దిగినవాడు పడిపోతే, తీద్దామని అన్న దిగుతాడు. అన్న కోసం పక్క పొలం మనిషి దిగుతాడు. గట్టున ఉన్నవాళ్ళు చూస్తుండగానే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతారు.

ఫ్యాక్టరీలో అయితే ఇలాంటి పనులకు ముందుగా గాలిని పరీక్ష చేసే మిషను ఉంటుంది, చూసుకునే ఆఫీసరు ఉంటాడు. రెండెకరాల రైతుకు ఎవరున్నారు? యజమానీ తనే, కూలీ తనే, ఆఫీసరూ తనే. కాబట్టి ఈ గాలి సంగతి రైతే తెలుసుకొని ఉండాలి. ఇందులో పెద్ద చదువు అక్కరలేదు. నాలుగైదు విషయాలు మనసులో పెట్టుకుంటే చాలు.

చెడుగాలి అంటే ఏమిటి?

మనం పీల్చే గాలిలో నూటికి సుమారు 21 పాళ్ళు ప్రాణవాయువు, అంటే ఆక్సిజన్ ఉంటుంది. ఇది 19.5 పాళ్ళకు తగ్గితే ఆ చోటు పనికి తగదని లెక్క. 16 పాళ్ళకు వచ్చేసరికి ఊపిరి వేగంగా ఆడుతుంది, బుద్ధి సరిగా పనిచేయదు. 10 పాళ్ళకు పడిపోతే మనిషి స్పృహ తప్పుతాడు. 6 పాళ్ళ లోపు అయితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. మెదడుకు ప్రాణవాయువు అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. అంటే ఊళ్ళోకి పరుగెత్తి మనుషుల్ని పిలుచుకొచ్చే లోపే అంతా అయిపోతుందన్నమాట.

చెడుగాలి రెండు రకాలుగా చంపుతుంది. ఒకటి, ప్రాణవాయువు ఉండాల్సిన చోటును వేరే వాయువు ఆక్రమించడం. బావిలో బొగ్గుపులుసు వాయువు చేసే పని ఇదే. రెండోది, ఆ వాయువే విషం కావడం. ఇంజను పొగలో, బొగ్గుల కుంపటిలో వచ్చే కార్బన్ మోనాక్సైడు, మురుగులో పుట్టే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వాయువు, బిళ్ళల నుంచి వచ్చే ఫాస్ఫిన్ - ఇవన్నీ ఈ రెండో రకం. వీటితో ప్రాణవాయువు సరిపడా ఉన్నా మనిషి బతకడు.

బావిలో గాలి ఎందుకు చెడుతుంది?

వాడకుండా వదిలేసిన బావిలో ఆకులు, కొమ్మలు, చచ్చిన జీవాలు పడి కుళ్ళుతాయి. ఆ కుళ్ళు నుంచి, చుట్టూ ఉన్న మట్టి నుంచి కూడా బొగ్గుపులుసు వాయువు ఊరుతుంది. ఇది మామూలు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. నీళ్ళు పల్లానికి చేరినట్టు అడుగున చేరి అక్కడే కూర్చుంటుంది. గాలిలో ఇది నూటికి పది పాళ్ళు దాటితే కొద్ది నిమిషాల్లోనే మనిషి పడిపోతాడు.

'చలికాలంలో దిగాం, ఏమీ కాలేదు, ఎండాకాలంలోనే ఎందుకిలా?' అని అడిగేవారున్నారు. దానికి కారణం ఉంది. చలికాలంలో బయటి గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. అది బావిలోకి దిగుతుంది, లోపలి వెచ్చటి గాలి పైకి లేస్తుంది. బావి తనంతట తానే ఊపిరి పీల్చుకుంటుంది. ఎండాకాలంలో ఇది తిరగబడుతుంది. బయటి గాలి వేడెక్కి తేలికవుతుంది. బావి అడుగున చల్లటి గాలి బరువుగా ఉండిపోతుంది. తేలిక గాలి బరువు గాలిని కదిలించలేదు. సరిగ్గా మనం పూడిక తీసే రోజుల్లోనే బావిలో గాలి ఆడకుండా పోతుంది. కాబట్టి 'మా తాత కాలం నుంచి దిగుతున్న బావే' అన్న ధైర్యం పనికిరాదు. నిన్న మంచిగా ఉన్న బావి ఈరోజు అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇంజను, తూటాల పొగ

బావి లోపల గట్టు మీద డీజిల్ ఇంజను పెట్టి నీళ్ళు తోడటం కొన్నిచోట్ల ఉంది. లోతుకు పోయిన నీటిని అందుకోవాలంటే ఇంజనును కిందికి దించాలి కదా అంటారు. కానీ ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ప్రాణవాయువును పట్టుకునే దానికంటే ఇంచుమించు రెండు వందల రెట్లు గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఇంజను ఆపి ఐదు నిమిషాలైంది కదా అని దిగినా ప్రమాదమే. ఇంజనును పైనే పెట్టాలి. కరెంటు మోటారు ఉంటే అది మేలు. గత్యంతరం లేక ఇంజనే పెడితే, అది ఆడుతున్నప్పుడు లోపల మనిషి ఉండరాదు. ఆపిన తర్వాత కూడా కింద చెప్పిన విధంగా గాలి ఆడించి, ఆ తర్వాతే దిగాలి.

బావి లోతు చేయడానికి తూటాలు పేల్చినప్పుడు కూడా ఇదే సంగతి. పేలుడు పొగలో కార్బన్ మోనాక్సైడుతో పాటు ఊపిరితిత్తులను పాడుచేసే వాయువులు ఉంటాయి. పొగ కంటికి కనిపించకుండా పోయినంత మాత్రాన వాయువు పోయినట్టు కాదు. సాయంత్రం పేల్చి, రాత్రంతా వదిలేసి, మరుసటి పొద్దున గాలి ఆడించి దిగడం మంచి పద్ధతి.

లాంతరు పరీక్ష ఎంతవరకు?

పెద్దలు లాంతరు వెలిగించి తాడు కట్టి బావిలోకి దించేవారు. దీపం ఆరిపోతే దిగవద్దనేవారు. ఈ పద్ధతిలో నిజం ఉంది. ప్రాణవాయువు సుమారు 16 పాళ్ళకు తగ్గితే దీపం నిలవదు. మనిషి స్పృహ తప్పేది అంతకంటే ఇంకా తగ్గిన తర్వాత. అందుకని దీపం ముందే హెచ్చరిక చేస్తుంది. దీపం ఆరిందంటే దిగకూడదు, అందులో సందేహమే లేదు.

అయితే దీపం ఆరకపోతే దిగవచ్చా? ఇక్కడే పొరపాటు పడతారు. కార్బన్ మోనాక్సైడు మనిషిని చంపేంత ఉన్నా దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. మురుగు వాయువుదీ అదే తీరు. కోడిని బుట్టలో పెట్టి దించడం కూడా పూర్తి భరోసా ఇవ్వదు. కాబట్టి దీపం ఆరితే దిగరాదు, ఆరకపోయినా గాలి ఆడించకుండా దిగరాదు. ఇంకొక మాట. గోబర్ గ్యాస్ గుంతలో, మరుగుదొడ్డి గుంతలో మాత్రం దీపం దించనే కూడదు. అక్కడ మండే వాయువు ఉంటుంది, భగ్గున అంటుకుంటుంది.

గాలి ఎలా ఆడించాలి?

వేప మండలో, తాటి మట్టలో గుబురుగా కట్టి, తాడుతో అడుగుదాకా దించి పైకి లాగుతూ ఉండటం మన పాత పద్ధతి. బకెట్లతో నీళ్ళు చిమ్మడం మరొకటి. ఇవి గాలిని కొంతవరకు కదిలిస్తాయి. ఏమీ లేనిచోట ఇవైనా చేయాలి. కానీ లోతైన బావికి ఇవి చాలవు.

దీనికంటే మంచి ఉపాయం ధాన్యం తూర్పారబట్టే కరెంటు ఫ్యాను. ఫ్యాను నోటికి పాలిథిన్ గొట్టం బిగించి, గొట్టం రెండో కొసను బావి అడుగుకు ఒకటి రెండు అడుగుల ఎత్తుదాకా దించాలి. మంచి గాలి అడుగున పడితే చెడుగాలి పైకి పొంగి బయటికి పోతుంది. పైనుంచి ఊరికే ఫ్యాను తిప్పితే పైన గాలి పైనే తిరుగుతుంది, అడుగుకు చేరదు. రాళ్ళు తొలిచే కంప్రెసర్ ట్రాక్టరు దొరికితే దాని గాలి గొట్టం దించినా సరే. కాకపోతే ట్రాక్టరు పొగ గొట్టం గాలి వాలుకు అవతలి వైపు ఉండాలి. లేకుంటే దాని పొగే బావిలోకి పోతుంది. కనీసం అరగంట గాలి ఆడించి, ఆ తర్వాత లాంతరు దించి చూసి, అప్పుడు దిగాలి. లోపల మనిషి ఉన్నంతసేపూ ఫ్యాను ఆపరాదు. వెల్డింగు షాపులో దొరికే ఆక్సిజన్ సిలిండరు తెచ్చి వదలడం మాత్రం చేయరాదు. ప్రాణవాయువు ఎక్కువైన చోట చిన్న నిప్పురవ్వకే బట్టలు అంటుకుంటాయి.

తాడు లేకుండా దిగరాదు

దిగే మనిషికి ఛాతీ చుట్టూ, తొడల కింద నుంచి తాడు కట్టి ఉండాలి. ఒక్క నడుముకే కడితే, స్పృహ తప్పిన మనిషిని లాగేటప్పుడు జారిపోతాడు. తాడు రెండో కొస గిలక మీదుగా గట్టున ఇద్దరి చేతిలో ఉండాలి. ఆ ఇద్దరికీ వేరే పని చెప్పరాదు. లోపలి మనిషితో మాట్లాడుతూ ఉండాలి. రెండు పిలుపులకు బదులు రాకపోయినా, మాట ముద్దగా వచ్చినా, వెంటనే లాగేయాలి. కారణం తర్వాత అడగవచ్చు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ తాడే రెండో మనిషి ప్రాణం కాపాడుతుంది. తాడు ఉంటే ఎవరూ దిగకుండానే పడిన మనిషిని పైకి తీయవచ్చు. తాడు లేకపోతే అన్న దిగుతాడు, తర్వాత తమ్ముడు దిగుతాడు. కళ్ళెదుట కన్నకొడుకు పడి ఉంటే ఆగమని చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆ పరిస్థితి రాకుండా ముందే తాడు కట్టాలి.

మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలదా అనేవారు ఉన్నారు. తడి గుడ్డ దుమ్మును కొంత ఆపుతుంది, వాయువును ఆపదు. మెడికల్ షాపులో దొరికే మాస్కు కూడా అంతే. గాలిలో ప్రాణవాయువే లేనప్పుడు ఎంత మంచి మాస్కు పెట్టుకున్నా లేనిది ఎక్కడినుంచి వస్తుంది?

పట్టుపురుగుల షెడ్డులో

హిందూపురం, మడకశిర, లేపాక్షి వైపు మల్బరీ సాగు చేసే రైతులకు షెడ్డే సగం ఇల్లు. నాలుగో జ్వరం దాటిన తర్వాత రాత్రీ పగలూ అక్కడే. చిన్న రైతుల్లో ఇంట్లోనే ఒక గదిలో పురుగులు మేపేవారూ ఉన్నారు. ఇక్కడ గాలి ఆడకపోవడానికి మూడు కారణాలు.

మొదటిది ఊజీ ఈగ భయం. ఈగ రాకుండా కిటికీలన్నీ మూసేస్తారు. ఈగను ఆపాల్సింది తలుపుతో కాదు, నైలాన్ వలతో. కిటికీలకు, వెంటిలేటర్లకు వల బిగించి, వాకిలికి వల తలుపు పెడితే ఈగ ఆగుతుంది, గాలి ఆడుతుంది. పురుగులకు కూడా గాలి కావాలి. ఆకు, రెట్ట కుళ్ళి, పురుగులు వదిలిన ఊపిరి నిలిచిపోతే అవి మేత సరిగా తినవు, రోగాలు ముసురుతాయి. గాలి ఆడితే రైతుకూ మేలు, పంటకూ మేలు.

రెండోది కుంపటి. పెద్ద పురుగులకు 24 నుంచి 26 డిగ్రీల వేడి కావాలి. పుష్య మాసపు చలిలో రాత్రిపూట అంత వేడి నిలవదు. బొగ్గుల కుంపటి పెట్టి, తలుపులు మూసి, పక్కనే పడుకుంటారు. ఇది చాలా ప్రమాదం. పొగ లేకుండా ఎర్రగా కణకణలాడే బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడు వస్తూనే ఉంటుంది. 'బయట బాగా రాజేసి తెచ్చాం, పొగ లేదు' అన్నది భరోసా కాదు. ముందు తలనొప్పి, తర్వాత కళ్ళు తిరగడం, వాంతి, నిద్రమత్తు. నిద్రలో ఉన్నవాడికి ఇవేవీ తెలియవు. గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికీ ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే అది పడిశం కాదు, గాలి చెడిందని గుర్తు. వెంటనే బయటికి రావాలి. వీలున్నవారు కరెంటు హీటరు వాడాలి. కుంపటి తప్పదనుకుంటే పై వెంటిలేటర్లు తెరిచి ఉంచాలి, ఆ గదిలో ఎవరూ పడుకోరాదు. పసిపిల్లలను అసలే పడుకోబెట్టరాదు. చలికి కిటికీలు మూసిన ఇంట్లో కుంపటి పెట్టుకొని పడుకునేవారికీ ఈ మాట వర్తిస్తుంది.

మూడోది శుద్ధి మందు. పంట పంటకూ నడుమ షెడ్డును ఫార్మాలిన్‌తోనో, బ్లీచింగ్ పౌడరుతోనో, క్లోరిన్ డై ఆక్సైడుతోనో శుద్ధి చేయాలి. ఇది మానకూడదు. మానితే పంట పోతుంది. కానీ ఫార్మాలిన్ ఆవిరి కళ్ళను, గొంతును మండిస్తుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే క్యాన్సర్‌కు దారితీసే పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో దీన్ని చేర్చింది. బజారులో దొరికే 36 శాతం ఫార్మాలిన్ ఒక పాలుకు 17 పాళ్ళ నీళ్ళు కలిపితే 2 శాతం ద్రావణం అవుతుంది. 'ఇంకాస్త ఘాటుగా ఉంటే మంచిది' అని పోయకూడదు.

పిచికారీ చేసేవారు నిండు చేతుల చొక్కా, చేతికి రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, ఆవిరిని ఆపే మాస్కు వేసుకోవాలి. షెడ్డు లోపలి మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ వాకిలి వైపు రావాలి. అప్పుడు తాను కొట్టిన మందులోనే తాను నిలబడే పని ఉండదు. ఇద్దరుంటే పావుగంటకు ఒకరు చొప్పున మారాలి. మూసి 24 గంటలు ఉంచాలి. ఆ తర్వాత తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఇంకొక రోజు గాలి ఆడనివ్వాలి. చాకీ పురుగులు తెచ్చే రోజుకు మూడు రోజుల ముందే ఈ పని ముగిసేట్టు చూసుకుంటే తొందర ఉండదు. బ్లీచింగ్ పౌడరును, ఫార్మాలిన్‌ను కలిపి కొట్టరాదు. బ్లీచింగ్ పౌడరులో యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇంట్లోనే మేపేవారు శుద్ధి చేసే రెండు రోజులూ పిల్లల్ని, ముసలివారిని బంధువుల ఇంట్లో ఉంచడం మంచిది. మందుల మోతాదు మీద అనుమానం ఉంటే పట్టుపరిశ్రమ శాఖ వారినో, కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థ వారినో అడగాలి.

కాయల గది, బిళ్ళలు

వేరుశనగ కాయల్ని, పప్పుల్ని పురుగు తినకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టేవారు ఉన్నారు. 3 గ్రాముల బిళ్ళ ఒకటి గాలిలోని తేమను పీల్చుకొని 1 గ్రాము ఫాస్ఫిన్ వాయువును వదులుతుంది. పది లక్షల పాళ్ళ గాలిలో ఇది పాలులో మూడో వంతు కూడా ఉండరాదని పని స్థలాల నిబంధన. అంత తక్కువకే కట్టడి పెట్టారంటే ఎంత విషమో ఊహించవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు.

ఈ వాయువు గోడ పగుళ్ళ నుంచి, తలుపు సందుల నుంచి, పెంకుల కింద నుంచి పక్క గదిలోకి పోతుంది. పక్క గదిలో పడుకున్నవారికి తెల్లవారేసరికి వాంతులు, కడుపునొప్పి, ఛాతీలో బరువు. రాత్రి తిన్న అన్నం పడలేదేమో అనుకుంటారు. బిళ్ళల సంగతి డాక్టరుకు చెప్పరు. అక్కడే కాలం గడిచిపోతుంది. వెల్లుల్లి వాసన, కుళ్ళిన చేప వాసన వస్తే అనుమానించాలి. వాసన రాకపోయినా ప్రమాదం లేదని అనుకోరాదు.

చట్టం సంగతి కూడా రైతులు తెలుసుకోవాలి. ఈ బిళ్ళలతో పొగబెట్టే పని ప్రభుత్వ సంస్థలు, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వారు మాత్రమే, నిపుణుల పర్యవేక్షణలో చేయాలి. 3 గ్రాముల బిళ్ళలు పది, ఇరవై చొప్పున ఉండే గొట్టాల ప్యాకింగును కేంద్రం 2001లోనే నిషేధించింది. ఎవరైనా చాటుగా అమ్మినా మనం కొనరాదు. మనుషులు కాపురముండే ఇంట్లో, ఇంటికి ఆనుకొని ఉన్న గదిలో ఒక్క బిళ్ళ కూడా పెట్టరాదు. ఇప్పటికే ఎక్కడైనా పెట్టి ఉంటే ఇంట్లోవారు ముందు బయటికి రావాలి. నీళ్ళు పోయరాదు. నీళ్ళు పడితే వాయువు ఒక్కసారిగా లేస్తుంది, మంట కూడా రావచ్చు. తలుపులు బయటినుంచి తెరిచి దూరంగా ఉండాలి.

మరి పురుగు సంగతి? కాయల్ని బాగా ఎండబెట్టడమే సగం మందు. వేరుశనగ కాయలో తేమ 8 శాతానికి తగ్గాలి. కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే గింజలు గలగలమనాలి. పప్పులు 9-10 శాతానికి ఎండాలి. పాత సంచుల్ని ఎండలో బాగా కాచి వాడాలి. సంచుల్ని నేలమీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చాలి. గాలి చొరని ప్లాస్టిక్ సంచులు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో గింజలు పోసి మూతి బిగిస్తే లోపలి పురుగులే ప్రాణవాయువును వాడేసుకొని చస్తాయి. మనిషిని బావిలో చంపే సూత్రమే ఇక్కడ పురుగును చంపుతుంది. మందు అక్కరలేదు.

బూజు పట్టిన కాయలు కొట్టేటప్పుడు, తూర్పారబట్టేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. మూసిన గదిలో ఆ పని చేయరాదు. వాకిట్లో, గాలి వీపు మీదికి వచ్చేట్టు నిలబడి చేయాలి. దుమ్ము విషయంలో మాత్రం మూతికి గుడ్డ కట్టుకోవడం కొంతైనా పనికొస్తుంది.

గోబర్ గ్యాస్ గుంత, కోళ్ళ షెడ్డు

గోబర్ గ్యాస్‌లో సగానికి పైగా మండే మీథేను, మిగిలినదంతా ఎక్కువగా బొగ్గుపులుసు వాయువు. దీనికి తోడు కుళ్ళిన గుడ్డు వాసన వాయువు కొద్దిగా ఉంటుంది. దీనితో ఒక మాయ ఉంది. కొద్దిగా ఉన్నప్పుడు వాసన గుప్పుమంటుంది. ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది. 'వాసన పోయింది, ఇక దిగవచ్చు' అనుకున్న క్షణమే చావు క్షణం కావచ్చు. గుంతలోకి మనిషి దిగి పేడ తీయాల్సిన పని వస్తే రైతు స్వయంగా దిగరాదు. ప్లాంటు కట్టిన శాఖ వారినో, తెలిసిన మేస్త్రీనో పిలవాలి. మరుగుదొడ్డి గుంతలోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. దింపిన ఇంటి యజమానికి జైలు, జరిమానా పడతాయి. మిషను బండిని పిలిపించుకోవడమే మార్గం.

కోళ్ళ షెడ్డులో తడిసిన వరిపొట్టు నుంచి అమోనియా వస్తుంది. షెడ్డులోకి పోగానే కళ్ళు మండితే అది దాదాపు హద్దు దాటిందని అర్థం. పరదాలు రాత్రంతా పూర్తిగా దించేయకుండా పైన ఒక అడుగు వదలాలి. నీళ్ళ గిన్నెలు కారకుండా చూసుకోవాలి. పొట్టును తరచూ తిరగేసి ఆరబెట్టాలి. సున్నం చల్లితే పొట్టు ఆరుతుంది కానీ, చల్లిన వెంటనే అమోనియా ఇంకా ఎక్కువ లేస్తుంది. ఆ పనిని పరదాలు ఎత్తి, పగటిపూట చేయాలి.

తక్కువ ఖర్చుతో గాలి దారి

షెడ్డు కొత్తగా వేసుకునేవారు పొడవు తూర్పు పడమరలుగా, కిటికీలు ఉత్తర దక్షిణాలుగా పెట్టుకోవాలి. ఎండ నేరుగా పడదు, గాలి అడ్డంగా దూసుకుపోతుంది. కిటికీకి ఎదురుగా కిటికీ ఉండాలి. ఒకవైపే ఉంటే గాలి వచ్చిన దారిలోనే నిలిచిపోతుంది.

ఇప్పటికే గది కట్టేసినవారు కూడా చేయగలిగింది ఉంది. గోడ అడుగున రెండు చోట్ల, పైకప్పు కింద రెండు చోట్ల ఒక్కో ఇటుక తీసి వల బిగించాలి. వేడి గాలి పై కంతల నుంచి పోతుంది, చల్లగాలి కింది కంతల నుంచి వస్తుంది. పై కంతలు లేకుండా కిందివి ఒక్కటే పెడితే ప్రయోజనం సగమే. రేకుల షెడ్డు మీద కొబ్బరి మట్టలు పరిస్తే లోపల వేడి తగ్గుతుంది. వంటింటికీ ఇదే సూత్రం. కట్టెల పొయ్యి పైన పొగ పోవడానికి దారి లేకపోతే, రోజూ మూడు పూటలా ఆ పొగ మింగేది ఇంటి ఆడవారే. పురుగు మందు డబ్బాల్ని పడకగదిలో మంచం కింద పెట్టరాదు. బయట, తాళం పడే పెట్టెలో ఉంచాలి.

మనిషి పడిపోతే...

ముందుగా 108కు ఫోను చేయించాలి. ఎవరూ లోపలికి దిగరాదు. తాడుతో పైకి లాగాలి. తాడు లేకుంటే ఫైరు వారు వచ్చేలోపు గాలి ఊదడం ఆపకుండా చేయాలి. బయటికి తీసిన మనిషిని గాలి తగిలే చోట వెల్లకిలా పడుకోబెట్టి బట్టలు వదులు చేయాలి. చుట్టూ గుంపు చేరనివ్వరాదు. స్పృహ లేనివారికి నీళ్ళు, సోడా, మజ్జిగ పోయరాదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడకపోతే ఛాతీ నడుమ రెండు అరచేతులతో నిమిషానికి వంద నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపరాదు. ఏ గాలి పీల్చాడో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. తేరుకున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోరాదు. కొన్ని వాయువుల దెబ్బ కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది.

చివరిగా బీమా సంగతి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళ వారు ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. ఏటా మే నెలాఖరులో ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేట్టు చూసుకోవాలి. బావిలో ఊపిరాడక పోయినవారి ఇంట్లో 'పోయినవాడు ఎలాగూ రాడు, పోలీసులెందుకు' అని దహనం చేసేస్తుంటారు. పోలీసు పంచనామా, పోస్టుమార్టం కాగితాలు లేకపోతే ప్రమాదమని రుజువు చేయలేరు, డబ్బు రాదు. మిగిలినవారి బతుకు కోసమైనా ఆ కాగితాలు తీసుకోవాలి.

గోడకు రాసి పెట్టుకోండి

* గాలి ఆడించకుండా బావిలో, గుంతలో దిగరాదు.

* లాంతరు ఆరితే దిగరాదు. ఆరకపోయినా గాలి ఆడించే దిగాలి.

* దిగేవారికి ఛాతీకి, తొడలకు తాడు, గట్టున ఇద్దరు మనుషులు ఉండాల్సిందే.

* పడినవారి కోసం తాడు లేకుండా రెండో మనిషి దిగరాదు.

* బావిలో ఇంజను ఆడుతుండగా మనిషి ఉండరాదు.

* కుంపటి ఉన్న గదిలో తలుపులు మూసి పడుకోరాదు.

* కాపురముండే ఇంట్లో బిళ్ళలు పెట్టరాదు.

* తువ్వాలు దుమ్మును ఆపుతుంది, వాయువును ఆపదు.

ఈ వేసవిలో పూడిక పని పెట్టుకునేవారు కూలీలను మాట్లాడుకునే రోజే తాడు, గిలక, ఫ్యాను, గొట్టం కూడా మాట్లాడుకోవాలి. ఒక్కరికి భారమైతే నాలుగైదు బావుల రైతులు కలిసి ఒక గొట్టం కొనుక్కుంటే ఊరందరికీ పనికొస్తుంది.